చార్ట్‌లకెక్కని ఆల్బమ్స్, సిగ్నల్ లేని దారి: మ్యాథ్ రాక్, నాయిజీ పోస్ట్-పంక్ ఎలా వినాలి?

ఖమ్మంలో బస్సెక్కితే కొత్తగూడెం, పాల్వంచ, సారపాక, గోదావరి బ్రిడ్జి, అక్కడ్నుంచి భద్రాచలం దాకా నా ఫోన్‌లో నెట్ బాగానే వస్తుంది. భద్రాచలంలో దిగి చర్ల బస్సు పట్టుకున్నాకే అసలు కథ. దుమ్ముగూడెం దాటేసరికి అడవి దగ్గరికొస్తుంది, ఫోన్‌లో గీతలు ఒక్కొక్కటే రాలిపోతాయి. ఆ తర్వాత మీ దగ్గర డౌన్‌లోడ్ అయి ఉన్నదే మీ సంగీతం.

ఒక జూన్‌లో మా కాలేజీ ఫ్రెండ్ వాళ్ల ఊళ్లో భూమి పండుగకి వెళ్తున్నా. విత్తనాలు వేసే ముందు కోయ ఊళ్లలో చేసుకునే పండుగ అది. దారి సంగతి తెలుసు కాబట్టి ఖమ్మం బస్టాండ్‌లోనే అయిదు ఆల్బమ్స్ డౌన్‌లోడ్‌కి పెట్టా. మొదట ప్లే చేసింది డబ్లిన్ బ్యాండ్ గిల్లా బ్యాండ్ 2022లో తెచ్చిన 'మోస్ట్ నార్మల్'. ఫోరమ్‌ల్లో అందరూ తెగ పొగుడుతున్న ఆల్బమ్. రెండు నిమిషాలు విన్నా. నీళ్ల డ్రమ్ములో రేడియో పడేసి పైన మూత పెట్టినట్టుంది. మూడో నిమిషంలో ఆపేసి, సిగ్నల్ ఉన్న చివరి మలుపులో "ఓవర్‌హైప్, టైం వేస్ట్" అని గ్రూప్‌లో మెసేజ్ కూడా పెట్టేశా.

వారం తర్వాత హైదరాబాద్ రూమ్‌లో అదే పాట వైర్డ్ ఇయర్‌ఫోన్స్‌లో అనుకోకుండా ప్లే అయింది. ఈసారి గిటార్ చేసే రొదలో పొరలున్నాయి. ఒక పొర చెవికి దగ్గరగా గీరుతోంది, ఇంకోటి వెనకాల ఎక్కడో తిరుగుతోంది, మధ్యలో డ్రమ్స్ మేకు కొట్టినట్టు నిలబడి ఉన్నాయి. సెట్టింగ్స్ తెరిచి చూస్తే విషయం అర్థమైంది. నెల చివర్లో డేటా అయిపోతోందని నేనే డేటా సేవర్ ఆన్ చేసి మర్చిపోయా. బస్సులో విన్నది అన్నిటికంటే తక్కువ క్వాలిటీ ఫైల్. అంటే నేను తిట్టింది బ్యాండ్‌ని కాదు, కోడెక్‌ని.

ఈ సైట్‌లో ఇయర్‌బడ్స్ రివ్యూలు చదివే వాళ్లందరికీ ఈ సంగతి చెప్పాలనిపించింది. సిద్ శ్రీరామ్ మెలొడీ తక్కువ బిట్‌రేట్‌లో విన్నా పాట పాటే. ఈ రకం మ్యూజిక్‌కి మాత్రం ఆ సుఖం లేదు.

నాయిజ్‌ని కుదించడం ఎందుకు కష్టం

జిప్ చేసిన ఫైల్‌ని మళ్లీ జిప్ చేస్తే సైజు తగ్గదని మనకి తెలుసు. అందులో రిపీట్ అయ్యే ప్యాటర్న్ మిగలదు కాబట్టి. సౌండ్‌కీ ఇదే లెక్క. ఫ్లూట్ మీద ఒకే స్వరం పట్టుకుంటే తర్వాతి సాంపిల్ ఏంటో ముందే ఊహించొచ్చు. ఫ్లాక్ లాంటి లాస్‌లెస్ ఫార్మాట్ చేసేది అదే: ఊహించి, ఊహ తప్పినంత తేడా మాత్రమే దాస్తుంది. ఫీడ్‌బ్యాక్‌తో అరిచే గిటార్‌నీ, సింబల్ మోతనీ ఊహించడం కుదరదు. సీడీ క్వాలిటీ అంటే సెకనుకి 1,411 కిలోబిట్లు. నెమ్మదైన అకూస్టిక్ రికార్డింగ్ ఫ్లాక్‌లో అందులో సగానికి కూడా దిగొచ్చు, రొదతో నిండిన ఆల్బమ్ మాత్రం 1,000 దగ్గరే మొండికేస్తుంది. మీ ఫోల్డర్లో ఫైల్ సైజులు పోల్చి చూడండి, ఏ ఆల్బమ్ ఎంత రొద చేస్తుందో వినకుండానే చెప్పొచ్చు.

లాసీ కోడెక్‌లది ఇంకో పద్ధతి. పెద్ద శబ్దం పక్కన చిన్న శబ్దం మన చెవికి ఆనదు కాబట్టి దాన్ని తీసి పారేస్తాయి. 320 కేబీపీఎస్‌లో ఈ మోసం పట్టుకోవడం చాలామందికి కష్టం, నాకూ కష్టమే. కానీ స్పాటిఫైలో 'లో' అంటే దాదాపు 24 కేబీపీఎస్. అంత ఇరుకులో వాడే హెచ్ఈ-ఏఏసీ పై ఫ్రీక్వెన్సీలని దాచనే దాచదు. కింది భాగాన్ని కాపీ కొట్టి, పైన ఇంత ఎత్తులో ఉండేదని చిన్న నోట్ రాసుకుని, ప్లే చేసేటప్పుడు పైభాగాన్ని తయారు చేస్తుంది. అంటే మీరు వినే సింబల్ రికార్డింగ్ కాదు, అంచనా. న్యూస్ వినడానికి అది చాలు. రొదనే వాయిద్యంగా వాడుకునే బ్యాండ్ దగ్గర ఆ అంచనా ఘోరంగా తప్పుతుంది.

కాబట్టి ప్రయాణానికి ముందు చేయాల్సింది: స్ట్రీమింగ్ క్వాలిటీ, డౌన్‌లోడ్ క్వాలిటీ రెండూ వేరు వేరు సెట్టింగ్స్ అని గుర్తు పెట్టుకోండి. మొదటిది ఆటోలో ఉన్నా పర్లేదు, రెండోది అన్నిటికంటే పైకి పెట్టండి, డేటా సేవర్ ఆపండి. 40 నిమిషాల ఆల్బమ్ 320లో సుమారు 96 ఎంబీ అవుతుంది, 1,000 దగ్గర ఉండే ఫ్లాక్ అయితే 300 ఎంబీ. 320లో అయితే అయిదు ఆల్బమ్స్‌కి అర జీబీ లోపే. బ్లూటూత్‌లో ఎల్‌డాక్ ఉంటే అది 330, 660, 990లో ఏ మెట్టు మీద ఉందో డెవలపర్ ఆప్షన్స్‌లో చూడండి. జనం కిక్కిరిసిన చోట 330కి పడిపోతే పెట్టె మీద రాసిన 990కి అర్థం లేదు. నేనైతే ఈ రకం మ్యూజిక్‌కి టైప్-సీ డాంగిల్, వైర్డ్ ఐఈఎమ్ అంటాను. బాస్ బూస్ట్ ఆపేయండి, ప్లీజ్. బస్సు ఇంజిన్ మోతని గెలవడానికి వాల్యూమ్ పెంచొద్దు: డబ్ల్యూహెచ్‌ఓ లెక్క ప్రకారం వారానికి 80 డెసిబెల్స్‌లో 40 గంటలు పరిమితి, ప్రతి 3 డెసిబెల్స్‌కి ఆ టైమ్ సగమవుతుంది. చెవిలో బాగా బిగిసే టిప్స్ దీనికి చవకైన మందు.

లెక్క తెలిస్తే తలుపు తెరుచుకుంటుంది

మ్యాథ్ రాక్ అంటే భయపడేవాళ్లు ఎక్కువ. పేరులోనే సబ్జెక్టు ఉంది మరి. నిజానికి మనకి ఇది పక్కింటి భాషే. తకిట అంటే 3, తకధిమి 4, తక తకిట 5, తకిట తకధిమి 7. చిన్నప్పుడు మృదంగం క్లాసుకి వెళ్లినవాళ్లెవరైనా చెప్తారు.

'మిషన్ ఇంపాసిబుల్' థీమ్ గుర్తు తెచ్చుకోండి. లాలో షిఫ్రిన్ దాన్ని అయిదు బీట్స్‌లో రాశాడు. చేత్తో టేబుల్ మీద కొడుతూ అనండి: తకిట, తకిట, తక, తక. 3, 3, 2, 2, మొత్తం 10 సగాలు, అంటే 5 బీట్స్. వచ్చేసింది కదా. పింక్ ఫ్లాయిడ్ 'మనీ' 7లో నడుస్తుంది, అది తకిట తకధిమితో ప్రయత్నించండి. ఒకట్రెండు సార్లు కాలు జారుతుంది, నాలుగోసారి పట్టు దొరుకుతుంది.

తర్వాత మెట్టు: ఇద్దరు వేరు వేరు లెక్కలో వాయించడం. గిటార్ 5 బీట్స్ ముక్కని తిప్పుతోంది, డ్రమ్మర్ 4లో కొడుతున్నాడు అనుకోండి. ఇద్దరూ మళ్లీ మొదటి బీట్ మీద ఎప్పుడు కలుస్తారు? 20 బీట్స్ తర్వాత. ఆరో తరగతిలో నేర్చుకున్న క.సా.గు. ఇన్నాళ్లకి పనికొచ్చింది. 7, 4 అయితే 28. ఆ కలిసే క్షణం కోసం ఎదురుచూడటమే ఇందులో సగం మజా. 2000లో డాన్ కబాలెరో 'అమెరికన్ డాన్'లో గిటార్ లూపుల మీద ఇదే ఆట ఆడింది. అందులో ఉన్న ఇయన్ విలియమ్స్ తర్వాత బ్యాటిల్స్‌తో 2007లో 'మిర్రర్డ్' చేశాడు. కోడ్ రాసేవాళ్లకి ఆ ఆల్బమ్ వెంటనే ఎక్కుతుంది. ఒక్కో లూప్ ఒక్కో థ్రెడ్ లాగ నడుస్తుంటుంది, డ్రమ్మర్ జాన్ స్టానియర్ అన్నిటినీ సింక్‌లో పెట్టే క్లాక్.

భద్రాచలం దారిలో ఉన్నాం కాబట్టి ఒక మాట. రామదాసు కీర్తనల్ని మన ఇళ్లలోకి తెచ్చిన గొంతుల్లో ముందు గుర్తొచ్చేది మంగళంపల్లి బాలమురళీకృష్ణది. ఆయన తాళాలు కూడా కొత్తవి తయారు చేశారు. తాళంలో చప్పుడు చేసే దెబ్బలోనే గతి మార్చి త్రిముఖి, పంచముఖి, సప్తముఖి, నవముఖి అని పేర్లు పెట్టారు. ఒక బీట్ లోపలే 3, 5, 7, 9 ముక్కలన్నమాట. ఆయన్ని మ్యాథ్ రాకర్ అంటే పెద్దలు కొడతారు, కానీ నేను మనసులో అనుకుంటా.

ఏం డౌన్‌లోడ్ చేసుకోవాలి

మొదటిసారి వినేవాళ్లు టోక్యో బ్యాండ్ టో దగ్గర మొదలుపెట్టండి. 2024లో వచ్చిన 'నౌ ఐ సీ ద లైట్', 2015 నాటి 'హియర్ యూ' తర్వాత వాళ్ల పూర్తి నిడివి ఆల్బమ్. డిస్టార్షన్ లేని రెండు గిటార్లు ఒకదాని ఖాళీలో ఇంకోటి దూరుతూ మాట్లాడుకుంటాయి, కాషికురా తకాషి డ్రమ్స్ వాటి కింద ఒక్క చోట కుదురుగా ఉండవు. ఎడమ చెవి గిటార్‌నీ కుడి చెవి గిటార్‌నీ విడివిడిగా ఫాలో అవగలిగితే మీ ఇయర్‌ఫోన్స్ ఇమేజింగ్ పాసైనట్టే.

బాస్ టెస్టుకి తైవాన్ త్రయం ఎలిఫెంట్ జిమ్: 2022 నాటి 'డ్రీమ్స్', 2023 చివర్లో వచ్చిన 'వరల్డ్'. ఇక్కడ పాటని మోసేది బాస్ గిటార్. ఏనుగు అంటే ఆ బాసే. బాస్ ఎక్కువ కొట్టే చవక బడ్స్‌లో ఈ ఆల్బమ్స్ బురదైపోతాయి, స్వరాలు విడివిడిగా వినపడవు. యెవెట్ యంగ్ బ్యాండ్ కోవెట్ 2023లో ఇచ్చిన 'కథార్సిస్' కూడా పక్కన పెట్టుకోండి. చిన్నప్పుడు పియానో నేర్చుకున్న చేతులు గిటార్ మీద రెండువైపులా ట్యాప్ చేస్తే ఎలా ఉంటుందో అందులో తెలుస్తుంది. కొంచెం తీపి ఎక్కువని నా కంప్లయింట్.

ఇక నాయిజ్. నాకు ఈ మధ్య పిచ్చి పట్టించింది న్యూయార్క్ బ్యాండ్ యావే నెయిల్‌గన్. సెర్చ్ చేసేటప్పుడు మొదటి మాటని వై, హెచ్, డబ్ల్యూ, హెచ్ అనే నాలుగు అక్షరాలుగా టైప్ చేయాలి. 2025 మార్చిలో వచ్చిన '45 పౌండ్స్' పది పాటలు, అన్నీ కలిపి 21 నిమిషాలు. డ్రమ్మర్ శామ్ పికార్డ్ రోటోటామ్స్ వాడతాడు. చుట్టూ డబ్బా ఉండదు, చర్మం బిగించిన చట్రం మాత్రమే, తిప్పితే శ్రుతి మారుతుంది. దాంతో దెబ్బలే మెలొడీ అవుతాయి. గిటార్, సింథ్ ఏది ఏదో చెప్పలేం, గొంతు అరుపుకీ ఉక్కిరిబిక్కిరికీ మధ్య ఉంటుంది. మొదటిసారి చిరాకు పడ్డా. రెండోసారి డ్రమ్స్ ఒక్కటే పట్టుకుని విన్నా. మూడోసారి మొత్తం విన్నా. ఈ వరుస మీకూ పనికొస్తుందనుకుంటున్నా. 24 కేబీపీఎస్‌లో మాత్రం వద్దు: టామ్ దెబ్బ మొదటి మిల్లీసెకన్లలోనే దాని ప్రాణం ఉంది, కోడెక్ ముందు నలిగేది అదే.

మాంచెస్టర్ బ్యాండ్ మ్యాండీ, ఇండియానా 2023 ఆల్బమ్ 'ఐవ్ సీన్ ఎ వే'లో కొంత భాగం గుహలో, కొంత చర్చి కింది నేలమాళిగలో, కొంత షాపింగ్ మాల్‌లో రికార్డ్ చేశారు. బొర్రా గుహల్లో అరిచి చూసినవాళ్లకి ఆ డ్రమ్స్ ఎక్కడ్నుంచి మోగుతున్నాయో చెప్పక్కర్లేదు. సింగర్ ఎక్కువగా ఫ్రెంచ్‌లో పాడుతుంది. మనం అర్థం కాకపోయినా ఏ భాష పాటైనా వినే జనం కాబట్టి ఇబ్బంది ఉండదు.

షెల్లాక్ 'టు ఆల్ ట్రెయిన్స్' 2024 మే 17న వచ్చింది. ఆ బ్యాండ్ గిటారిస్ట్ స్టీవ్ ఆల్బినీ దానికి పది రోజుల ముందే, మే 7న చనిపోయాడు. నిర్వాణ 'ఇన్ యూటెరో' రికార్డ్ చేసింది ఆయనే, పైన చెప్పిన 'అమెరికన్ డాన్' కూడా ఆయన పనే. 28 నిమిషాల ఈ ఆల్బమ్‌లో అలంకారం అంటూ ఏదీ లేదు. గది, మైకు, ముగ్గురు మనుషులు. రిఫరెన్స్ రికార్డింగ్ అని ఆడియో రివ్యూయర్లు వాడే జాజ్ ఆల్బమ్స్ పక్కన దీన్ని పెట్టుకోమని నా సలహా. ఇదంతా ఎక్కడ్నుంచి వచ్చిందో తెలియాలంటే 1991 నాటి స్లింట్ 'స్పైడర్‌లాండ్' వినండి. గుసగుస నుంచి పిడుగు దాకా వెళ్తుంది, వాల్యూమ్ నార్మలైజేషన్ ఆపి వినాలి. చాట్ పైల్ 'కూల్ వరల్డ్', మోడల్ యాక్ట్రిజ్ 'పిరువెట్', స్క్విడ్ 'కవర్డ్స్' ఆ తర్వాత.

మన దేశంలోంచి అహ్మదాబాద్‌లో మొదలైన యాజ్‌వికీప్‌సెర్చింగ్ 2015 ఆల్బమ్ 'ఖ్వాబ్' మ్యాథ్ రాక్ కాదు, పోస్ట్-రాక్. అయినా ఘాట్ రోడ్డుకి దానికంటే మంచి తోడు తక్కువ.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. 2024 నుంచి స్పాటిఫైలో అంతకు ముందు 12 నెలల్లో 1,000 స్ట్రీమ్స్ రాని పాటకి రాయల్టీ లేదు. అండర్‌గ్రౌండ్ బ్యాండ్ అంటే ఎక్కువ పాటలు ఆ గీత కిందే. బ్యాండ్‌క్యాంప్‌లో ఆల్బమ్ కొంటే డిజిటల్ అమ్మకం మీద వాళ్ల వాటా మామూలుగా 15 శాతం, పేమెంట్ ఖర్చులు పోగా మిగిలింది బ్యాండ్‌కి. ఇంకో లాభం: సైట్‌లో ఊరికే వింటే 128 ఎంపీ3, కొంటే ఫ్లాక్. నచ్చినవాటిలో ఏడాదికి రెండు కొనండి చాలు.

డోలు పోయిన రికార్డింగ్

అదే ప్రయాణంలో నేను చేసిన రెండో తప్పు ఇంకా పెద్దది. పండుగ రాత్రి డోళ్లు మోగుతుంటే ఫోన్ తీసి వీడియో పట్టా. పొద్దున మా ఫ్రెండ్ వాళ్ల తాతకి చూపించా. ఆయనే వాయించినవాళ్లలో పెద్ద. స్పీకర్ దగ్గర చెవి పెట్టి విని, "ఇదేంది బిడ్డా, రేకు డబ్బా కొట్టినట్టున్నది. మా డోలు ఏడబోయింది?" అన్నాడు. పక్కన ఎవరో మాట్లాడుతున్న మాటలు మాత్రం శుభ్రంగా వినపడుతున్నాయి.

ఫోన్ తన పని తాను చేసింది. మనం రికార్డ్ చేసేది మనిషి మాటే అని దాని నమ్మకం. పెద్ద దెబ్బ పడగానే ఆటోమేటిక్ గెయిన్ మొత్తం శబ్దాన్ని కిందకి తొక్కుతుంది, మెల్లగా పైకి లాగుతుంది, ఈలోపు ఇంకో దెబ్బ. బలమైన దెబ్బా మెత్తని దెబ్బా ఒకే ఎత్తుకి వచ్చేస్తాయి. మిగిలిన మోతని నాయిజ్ సప్రెషన్ 'నాయిజ్' అని లెక్కేసి తుడిచేస్తుంది. డబ్లిన్ గిటార్‌కి కోడెక్ చేసిందే ఇక్కడ డోలుకి మైక్ సాఫ్ట్‌వేర్ చేసింది.

గిల్లా బ్యాండ్ ఆల్బమ్ ఎప్పుడైనా మళ్లీ దించుకోవచ్చు. ఇది అలా కాదు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య సమ్మక్క-సారలమ్మ కథల్ని కోయలోనూ తెలుగులోనూ పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024 జూన్‌లో పోయారు. అలాంటివాళ్లు పాడుతున్నప్పుడు చుట్టూ ఎత్తి పట్టుకునే ఫోన్లలో ఎన్నిట్లో డోలు డోలులా పడుతుందో ఆలోచించండి.

చేయాల్సింది పెద్దగా లేదు. ఆండ్రాయిడ్ 7 నుంచి 'అన్‌ప్రాసెస్డ్' అనే మైక్ సోర్స్ ఉంది. ఫోన్ దాన్ని సపోర్ట్ చేస్తే, ఆ ఆప్షన్ చూపించే రికార్డర్ యాప్ వేసుకుని గెయిన్, నాయిజ్ సప్రెషన్ ఆపండి. వేవ్ ఫార్మాట్, 48 కిలోహెర్ట్జ్, మోనో చాలు, నిమిషానికి 6 ఎంబీ లోపే. ఐఫోన్‌లో వాయిస్ మెమోస్ క్వాలిటీని లాస్‌లెస్‌కి మార్చండి. డోలుకి మరీ దగ్గరగా వెళ్లకండి, పది పదిహేను అడుగులు వెనక నిలబడండి, మీటర్ ఎర్రగా మారితే ఇంకో నాలుగడుగులు వెనక్కి. వాయించేవాళ్లని ముందు అడగండి. ఫైల్‌ని చాట్‌లో ఆడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే అక్కడ మళ్లీ నలిగిపోతుంది.

తర్వాతి ఏడాది ఇలాగే రికార్డ్ చేసుకొచ్చి వైర్డ్ ఇయర్‌ఫోన్స్ తాతకి పెట్టా. కళ్లు మూసుకుని మొత్తం విన్నాడు. ఒక చోట వేలితో ఆపమని సైగ చేసి, "గీడ పోరడు తప్పు కొట్టిండు" అన్నాడు. అంత స్పష్టంగా పడింది. తర్వాత నేను వినేది ఏంటో చూపించమన్నాడు. '45 పౌండ్స్' పెట్టా. గొంతు మొదలవగానే మొహం చిట్లించాడు, కానీ తీయలేదు. రెండో పాటకి వేళ్లు మంచం కోడు మీద ఆడుతున్నాయి.

"కొట్టేది ఎంతమంది?"

"ఒక్కడే తాతా."

"మరి ఊపిరెప్పుడు తీసుకుంటడు?"

21 నిమిషాలే కదా, అయిపోయాక తీసుకుంటాడేమో అన్నా.